గువ్వల కాలి కడియాలు

పద్దెనిమిదో వారం

కిందటి వారం మనం సుభద్రని మంచం అంచున, చేతిలో ఫోనుతో కూర్చోబెట్టి వచ్చేశాం. ఆవిడ ఆ తర్వాత నిద్రపోయిందా, ఏమైనా తిన్నదా అని నలుగురైదుగురు పాఠకులు అడిగారు. నిద్రపోలేదు. అన్నం మాత్రం తిన్నది, పెరుగూ ఆవకాయా వేసుకుని, వంటింటి గట్టు దగ్గర నిలబడి. మనసు బాగాలేనప్పుడు ఆవిడ నిలబడే తింటుంది.

ఆ ఫోను చేసింది మైథిలి. సుభద్ర దగ్గర పక్షుల మీద పరిశోధన చేస్తున్న పిల్ల, ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో అద్దె గదిలో ఉంటుంది. కల్లూపుర అనే ఊళ్ళో కొత్తగా గోధుమ విత్తిన పొలాల పక్కన ముప్పై గువ్వలు, రెండు నెమళ్ళు చచ్చిపడి ఉన్నాయని చెప్పింది. కోసి చూస్తే పొట్టల్లో గులాబీరంగు గోధుమ గింజలున్నాయంది. చివర్లో కాస్త తటపటాయించి, "మేడమ్, ఈ మందు పిట్టల్ని ఏమీ చెయ్యదని తేల్చిన రిపోర్టు మీదేనట కదా?" అని అడిగింది.

సుభద్రదే. చెదలు పట్టకుండా విత్తే ముందు గోధుమలకి పట్టించే మందు అది. దాన్ని అమ్ముకోవడానికి ఒక కంపెనీ పద్నాలుగేళ్ళ కిందట అనుమతి అడిగింది. పిట్టలకి హాని లేదని పొలంలో పరీక్షించి చూపించమన్నారు పైవాళ్ళు. ఆ పని ప్రొఫెసరు సదాశివరావుగారికి వచ్చింది. అప్పట్లో ఆయన దగ్గర పరిశోధన చేస్తూ మునిర్కాలో ఒక గదిలో ఉండే సుభద్ర, ఇదే కల్లూపురలో నలభై గువ్వల్ని వలవేసి పట్టి, కాళ్ళకి నంబర్లున్న చిన్న చిన్న అల్యూమినియం కడియాలు తొడిగి వదిలింది. మందు పట్టించిన విత్తనం వేశాక పన్నెండు రోజులు రోజూ పొలమంతా గాలించింది. చచ్చిన పిట్ట ఒక్కటీ దొరకలేదు. కడియాలున్న గువ్వల్లో పదిహేడు మళ్ళీ కనపడ్డాయి, ఇరవై మూడు కనపడలేదు. వాటి గురించి రిపోర్టులో ఒక వాక్యం రాసింది. 'మేత వెతుక్కుంటూ వేరే చోటికి వెళ్ళిపోయి ఉండవచ్చు.'

రేపు, సోమవారం పదకొండు గంటలకి ఢిల్లీలో ఒక కమిటీ కూర్చుంటుంది. ఆ మందు అమ్మకం ఆపాలా వద్దా అన్నది తేల్చడానికి. పిట్టల సంగతిలో వాళ్ళ దగ్గరున్న కాగితం సుభద్ర రిపోర్టు ఒక్కటే. ఆవిడ లేచి అది సరైనదే అంటే విత్తనం ఇలాగే పొలాల్లో పడుతుంది. తప్పు అంటే ఆ రిపోర్టు పునాది మీద కట్టుకున్న పేరు, గ్రేటర్ నోయిడా యూనివర్సిటీలో హెడ్ కుర్చీ, అన్నీ కదులుతాయి. అందుకే ఆ పొలాన్ని ఇంకోసారి కళ్ళారా చూసి, చచ్చిన పిట్టలు సున్నా అన్న తన లెక్క నిజమైన సున్నాయేనని మనసుకి చెప్పుకోవాలని ఆదివారం పొద్దున్నే కారు తీసింది.

పక్క సీట్లో సదాశివరావుగారు ఉన్నారు. రమ్మని ఆవిడ పిలవలేదు. వెళ్తున్నానని ఫోన్లో చెబితే, "నేనూ వస్తా ఆగు," అన్నారాయన. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఎన్ని చలికాలాలు చూసిందో తెలియని గళ్ళ కోటు వేసుకుని గేటు దగ్గర సిద్ధంగా నిలబడ్డారు.

"ఎందుకు సార్ మీకీ శ్రమ?"

"ఇంట్లో కూర్చుని చేసేదేముందమ్మాయ్? పేపరు చదవడం, మాత్రలు మింగడం."

ఆ మాత్రల డబ్బా కోటు జేబులోనే ఉన్నట్టుంది, కారు గతుకులో పడ్డప్పుడల్లా గలగలమంటోంది. ఎక్స్‌ప్రెస్‌వే మీద పొగమంచులో ముందున్న లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనపడడం లేదు. ఆ మంచులో సగం పొగేనని ఇక్కడ పుట్టిన పిల్లలకి కూడా తెలుసు. మామూలుగా అయితే సదాశివరావుగారు ఈపాటికి బాపట్ల కాలేజీ రోజుల కబుర్లు మొదలుపెట్టి, తను హాస్టల్లో ఉడుమును పెంచిన కథ నూటొకటోసారి చెప్పాలి. ఇవాళ నోరు విప్పలేదు. చలికి కాబోలు అనుకుంది సుభద్ర. ఆయన విషయంలో ఆవిడకి ఎప్పుడూ మంచి కారణాలే తోస్తాయి, అదొక అలవాటు.

కల్లూపుర చుట్టూ ఇరవై అంతస్తుల అపార్టుమెంట్లు లేచాయి గానీ, ఊరి వెనక పొలాలు ఇంకా పొలాలుగానే ఉన్నాయి. తుమ్మచెట్టు కింద కారాపి, "దిగుతారా సార్?" అని అడిగింది.

"మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. నువ్వెళ్ళిరా. ఇక్కడే కూర్చుంటా."

ఇంతదూరం వచ్చి కారు దిగని మనిషిని చూస్తే ఎవరికైనా కాస్త అనుమానం రావాలి. సుభద్రకి రాలేదు.

పొలం పక్కనున్న ఇంటి ముందు రామ్‌కలీ, మంచు విడి వచ్చిన ఎండలో కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. అప్పట్లో ఆ ఇంటి కోడలు. పరీక్ష జరిగింది వాళ్ళ పొలంలోనే. ఇప్పుడు అరవై దాటాయి, ముందుపళ్ళు రెండు పోయాయి. సుభద్రని చూసి కళ్ళు చికిలించి, ఒక్క నిమిషం ఆలోచించి, ఒళ్ళోని కూర అంతా కింద పడేలా లేచింది.

"చిడియావాలీ బిటియా!"

పిట్టల అమ్మాయి. ఆ ఊళ్ళో సుభద్రకి పెట్టిన పేరు అదే. నలభై ఆరేళ్ళ వయసులో, కణతల దగ్గర తెల్లవెంట్రుకలతో, మళ్ళీ ఆ పిలుపు వినగానే ఆవిడ వంగి కింద పడ్డ కూర ఏరసాగింది.

నులకమంచం వాల్చారు, స్టీలు గ్లాసులో టీ వచ్చింది. రామ్‌కలీది పల్లె హిందీ, సగం మాటలు పళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. అయినా పాతికేళ్ళుగా ఢిల్లీలో ఉన్న సుభద్రకి అర్థం కాకపోవడమంటూ లేదు. కాసేపు వాళ్ళ అత్తగారు పోయిన సంగతి, మొగుడికి పక్షవాతం వచ్చిన సంగతి, కొడుకు ట్రాక్టరు కొన్న సంగతి నడిచాయి. ట్రాక్టరు చప్పుడు ఇంటి వెనకనుంచి వినపడుతూనే ఉంది.

"ఇవాళ విత్తుతున్నారా తాయీ?" పెద్దమ్మ వరస పిలుపు అది, అప్పటి అలవాటే.

"అవును. సగం అయింది."

"మందు పట్టించిన విత్తనమేనా?"

"మరి? పట్టించకపోతే చెదలు ఒక్క మొక్క కూడా మిగల్చవు. మా పక్కవాడు ఒక ఏడు మానేశాడు. ఆ ఏడు గోధుమలు బజారులో కొనుక్కు తిన్నాడు."

అందులో కాదనడానికి ఏముంది? సుభద్ర టీ గ్లాసు కింద పెట్టి, ఇక దాటవేయకుండా వచ్చిన పని చెప్పింది.

"అప్పుడు పన్నెండు రోజులు మీ పొలంలో తిరిగాను కదా తాయీ. చచ్చిన పిట్ట ఒక్కటీ కనపడలేదు. మొన్న మా పిల్లకి ముప్పై దొరికాయి. అదే మందు, అవే గువ్వలు. అప్పుడు నాకు ఎందుకు కనపడలేదా అని..."

రామ్‌కలీ నవ్వింది. చిన్నపిల్ల అడగాల్సిన ప్రశ్న పెద్దవాళ్ళు అడిగితే నవ్వినట్టు.

"ఎలా కనపడతాయి బిటియా? నువ్వొచ్చేలోపల మేం ఏరేసేవాళ్ళం కదా."

"మీరా? ఏరేసేవాళ్ళా?" అంది సుభద్ర.

"నువ్వు ఎక్కడో ఢిల్లీ నుంచి జీపులో వచ్చేసరికి తొమ్మిదిన్నర అయ్యేది. మేం ఆడవాళ్ళం చీకటుండగానే పొలానికి వెళ్ళేవాళ్ళం, గడ్డి కోసుకోవడానికీ, ఇంకా... అప్పుడు ఇళ్ళల్లో దొడ్లు లేవు కదా. వెళ్ళేసరికి గట్టు మీద ఒకటి, కాలవలో ఒకటి పడి ఉండేవి. మా అత్త చూసి లబలబలాడింది. చదువుకున్న ఆడపిల్ల మన గడపకి వస్తుంటే కాళ్ళకింద చచ్చిన పిట్టలా? తీసెయ్యండి అంది. చుట్టం వచ్చే ముందు వాకిలి ఊడ్చమా?"

"ఏదీ ముట్టుకోవద్దని చెప్పాను తాయీ! మొదటి రోజే చెప్పాను!"

"ఎవరికి చెప్పావు?"

సుభద్రకి ఆ రోజు కళ్ళకి కట్టినట్టు గుర్తొచ్చింది. ఇదే వాకిట్లో, ఇదే మంచం మీద, హుక్కా చుట్టూ కూర్చున్న ఆరుగురు మగవాళ్ళకి ఓపిగ్గా విడమరిచి చెప్పింది. పొలంలో ఏదీ కదపకూడదు, పిట్ట చచ్చినా సరే. వాళ్ళు బుద్ధిగా తలలూపారు. మాట నిలబెట్టుకున్నారు కూడా, ఒక్క మగవాడూ ఏదీ ముట్టుకోలేదు. తెల్లారగట్ల పొలానికి వెళ్ళేది ఆడవాళ్ళని, వాళ్ళకీ ఒక మాట చెప్పాలని ఆడదై పుట్టిన తనకే తట్టలేదు. టేపు పెట్టి పొలం కొలిచింది, వరస తప్పకుండా నడిచింది, గాలి ఎటు వీస్తోందో కూడా రాసుకుంది. తొమ్మిదిన్నరకి ముందు ఈ పొలంలో ఏం జరుగుతుందని ఒక్కరినీ అడగలేదు.

"పన్నెండు రోజులూ ఏరారా?"

"రోజూ. ఇంకోటి కూడా ఉంది." రామ్‌కలీ గొంతు తగ్గింది. "నువ్వు వాటిని అరచేతుల్లో పెట్టుకుని, మెడ నిమిరి, పెళ్ళికూతురికి తొడిగినట్టు కడియాలు తొడిగేదానివి. నీ కంట పడితే ఏడుస్తావని నాకు భయం. ఆడపిల్ల ఏడ్చి వెళ్ళిన ఇల్లు బాగుపడుతుందా?"

ఆ మాటకి సుభద్రకి ఏడుపు రానే వచ్చింది. పద్నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చిందంతే. తన మీద ప్రేమతో చేశారు వాళ్ళు. మోసం చేసి ఉంటే కోపమైనా వచ్చేది, ఎవరినో ఒకరిని నిలదీసేది. ఈ ప్రేమని ఏం చేసుకోవాలి? దాని మీద తను సున్నా అని రాసింది. ఆ సున్నాని నమ్మి ఎన్ని ఊళ్ళలో, ఎన్ని పొలాల్లో, ఎన్ని చలికాలాలు ఆ గులాబీరంగు గింజలు చల్లారో! ఎన్ని గువ్వలు తిన్నాయో!

రామ్‌కలీ కొంగుతో ఆవిడ మొహం తుడిచి, లోపలికి వెళ్ళి గూట్లోంచి ఒక పాత ఇంగువ డబ్బా తెచ్చింది.

"వీటిని ఎవరికివ్వాలో తెలియక ఉంచాను."

మూత తీయగానే ఇంగువ వాసన ఇంకా గుప్పుమంది. లోపల కడియాలున్నాయి. చిన్న చిన్న అల్యూమినియం కడియాలు, విప్పినందువల్ల నోళ్ళు తెరుచుకుని.

"మేకు పెట్టి విప్పేదాన్ని. పిట్టలన్నిటినీ ఆ తుమ్మచెట్టు కింద పాతిపెట్టాం. ప్రాణం పోయినవాళ్ళని ఒంటి మీద నగతో పంపరు కదా బిటియా. మా అత్త పోయినప్పుడు ముక్కుపుడక కూడా తీశాం. పిట్టయితే మాత్రం?"

సుభద్ర ఒక్కొక్కటే అరచేతిలో వేసుకుని నంబర్లు చదివింది. మూడు. పంతొమ్మిది. ముప్పై ఒకటి. ఏడు. ఏడో నంబరు గువ్వ బాగా గుర్తు. కడియం తొడుగుతుంటే వేలు పొడిచింది, సదాశివరావుగారు నవ్వి, నీకు పడ్డ మొదటి సంతకం అన్నారు. వేరే చోటికి వెళ్ళిపోయి ఉండవచ్చు అని తను రాసిన గువ్వల్లో అదొకటి. ఎక్కడికీ వెళ్ళలేదది. ఇవాళ తను కారాపిన తుమ్మచెట్టు కిందే ఉంది.

పన్నెండు ఉన్నాయి.

"ఇవేనా తాయీ? ఇంకా ఉండాలి. కనపడనివి ఇరవై మూడు."

"ఇవి నువ్వు వెళ్ళిపోయాక దొరికినవి. కాలవలోనూ, బోరు గుంతలోనూ. మందు తింటే దాహం వేస్తుందేమో, నీళ్ళ దగ్గరికి పోయి పడేవి. ముందు దొరికినవి అప్పుడే ఇచ్చేశాను కదా."

"ఎవరికిచ్చారు?"

"మీ సారుకి. గళ్ళ కోటు వేసుకుని వచ్చేవాడే, ఆయనకి. ఆఖరి రోజున నువ్వు చెరువువైపు వెళ్ళినప్పుడు పిలిచి గుడ్డలో కట్టి ఇచ్చాను. బిటియాకి ఇప్పుడే చూపించకు, ఇల్లు చేరాక నెమ్మదిగా చెప్పు అన్నాను. ఠీక్ హై అన్నాడు." రామ్‌కలీ ఆమె మొహంలోకి చూసింది. "ఇవ్వలేదా?"

సుభద్ర కడియాలన్నీ డబ్బాలో వేసి, మూత గట్టిగా నొక్కి, రామ్‌కలీ పాదాలకి దణ్ణం పెట్టి లేచింది. ఎందుకు పెట్టిందో ఆవిడకే తెలియదు. క్షమించమనా, కృతజ్ఞతా, రెండూనా?

ఇంటి నుంచి తుమ్మచెట్టు దాకా వంద అడుగులు కూడా ఉండదు. ఆ కాస్త దూరంలో ఆవిడ సదాశివరావుగారి తరఫున ఎన్ని సాకులు వెతికిందో చెప్పలేను. మర్చిపోయి ఉంటారు. ఆ గుడ్డ ఎక్కడో జారిపోయి ఉంటుంది. రామ్‌కలీ పెద్దదైపోయింది, ఇంకెవరికో ఇచ్చి ఉంటుంది. నాన్న పోయాక తండ్రిలా చూసుకున్న మనిషి ఆయన. సొంత చెయ్యిని నరుక్కోమన్నా నరుక్కోవచ్చు గానీ, అలాంటివాళ్ళని అనుమానించడం ఎవరివల్ల అవుతుంది?

ఆయన వైపు కారు అద్దం అప్పటికే దించి ఉంది. సుభద్ర మొహం చూశారు. చేతిలోని డబ్బా చూశారు.

"అందులో పన్నెండు ఉండాలి," అన్నారు.

మూత బిగించే ఉంది.

సదాశివరావుగారు కోటు జేబులోంచి మాత్రల డబ్బా తీసి కిటికీలోంచి అందించారు. వారానికి ఏడు గదులుండే ప్లాస్టిక్ డబ్బా. ఏ గదిలోనూ మాత్ర లేదు. దారంతా కారులో గలగలమన్నవి కడియాలు.

"పదకొండు," అన్నారాయన. "నీకిద్దామనే తీసుకున్నాను అమ్మాయ్. ఇద్దామనుకునేసరికి రిపోర్టు టైపింగుకి వెళ్ళిపోయింది. నీ ఫెలోషిప్పు ఇంకో రెండేళ్ళు పొడిగిస్తామని కంపెనీవాళ్ళు చెప్పింది ఆ వారమే. మీ నాన్నగారు పోయి ఆర్నెల్లు కాలేదు. అది ఆగిపోతే నువ్వు ఒంగోలు బండెక్కాల్సిందే. పదకొండు గువ్వలేగా అనుకున్నాను."

"పదకొండు గువ్వలేగా," అంది సుభద్ర, ఆ మాట తనది కానట్టు.

"ఏటేటా చెబుదామనుకునేవాణ్ణి. ఏళ్ళు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. చేతులు కాలాక ఇప్పుడు ఆకులు పట్టుకుని వచ్చాను, అంతే." ఆయన కళ్ళద్దాలు తీసి కోటుకి తుడుచుకున్నారు. అద్దాలు ఇంకా మసకబారాయి. "రేపు కమిటీలో నా పేరు చెప్పు. సారు తెలిసే దాచారు, నాకు తెలియదు అను. అబద్ధం కాదుగా. నాకు పోయేదేముంది? నువ్వు ఒడ్డున పడతావు."

ఎంత తేలిగ్గా ఉంది ఆ దారి! సుభద్ర మనసు ఒక్క క్షణం అటు మొగ్గిందని చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. మొగ్గింది. హెడ్ కుర్చీ, పిల్లల ముందు తల ఎత్తుకుని నిలబడడం, మైథిలి అడిగిన ప్రశ్నకి ఒక జవాబు, అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి.

"సార్, ఇరవై మూడు గువ్వలు కనపడలేదని మీరు దాచలేదు. అవి కనపడలేదన్నది నాకు అప్పుడే తెలుసు," అంది చివరికి. "వేరే చోటికి వెళ్ళిపోయి ఉండవచ్చు అని రాసింది ఎవరు?"

ఆ వాక్యం ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

పొలంలో రామ్‌కలీ కొడుకు విత్తే గొర్రుతో ట్రాక్టరు మలుపు తిప్పుతున్నాడు. మలుపు తిరిగే మూలల్లో గింజలు మట్టిలోకి దిగవు, పైనే చెదిరిపోతాయి. సుభద్రకి అది బాగా తెలుసు, తన రిపోర్టులో ఆ సంగతికి ఒక పేరా కూడా ఉంది. ట్రాక్టరు అటు వెళ్ళగానే కరెంటు తీగల మీద నుంచి గువ్వలు దిగాయి. ముందు రెండు, వెనక ఒక గుంపు. మెడకి సన్నని నల్లగీత, బూడిదరంగు ఒళ్ళు. గులాబీరంగు గింజల మధ్య తలలూపుకుంటూ నడిచాయి.

సుభద్ర చెప్పులు విడిచేసి దుక్కిలోకి పరిగెత్తింది. యూనివర్సిటీ హెడ్, బీపీ మనిషి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో ఇంగువ డబ్బా గలగలా ఆడిస్తూ, "హుష్, హుష్" అని గొంతు చించుకుంది. చచ్చిన గువ్వల కడియాల చప్పుడుకి బతికున్న గువ్వలు జడిసి గుప్పున లేచాయి. ఒక చుట్టు తిరిగి పొలానికి రెండో మూలన వాలాయి. ఆవిడ అక్కడికి పరిగెత్తింది. మళ్ళీ లేచి మొదటి మూలకే వచ్చాయి.

నాలుగోసారి మడమ మట్టిలో దిగబడి కూలబడింది. డబ్బా మాత్రం ఆడిస్తూనే ఉంది. కారు తలుపు తీసుకుని సదాశివరావుగారు, ఒక చేత్తో తుమ్మచెట్టుని పట్టుకుని, దిగడానికి తంటాలు పడుతున్నారు.

రామ్‌కలీ గట్టు మీద నిలబడి ఇదంతా చూసింది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"ఎంతసేపని తోలతావు బిటియా?" అంది. "రేపూ వస్తాయి అవి."